యంత్రహృదయము – యజమాని హక్కు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇందరు పండితులు మాట్లాడిన పిమ్మట నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. నేను కళాశాలలో శాస్త్రములు చదివినవాడను కాను. పగలు ఊరి లెక్కలు వ్రాసికొని, రాత్రి ఈ గ్రంథాలయపు దీపము క్రింద భారత భాగవతములు చదువుకొన్నవాడను. అట్టివాడు మాట్లాడదలచిన విషయము మోటారుబండి ఇంజనులోని సాఫ్ట్‌వేరు అని వినగానే కార్యదర్శిగారు కొంత మౌనము వహించినారు. గ్రంథాలయ సభలో ఇంజను గొడవ ఎందుకని ఆ మౌనమునకు అర్థము. ఆ ప్రశ్నకు సమాధానముతోనే నా ప్రసంగమును ఆరంభించెదను.

అమెరికా రాజధానియైన వాషింగ్టను నగరములో 1800వ సంవత్సరమున స్థాపింపబడిన కాంగ్రెసు గ్రంథాలయము కలదు. ప్రపంచములోని మహాగ్రంథాలయములలో అది అగ్రగణ్యమైనది. బండి కొనుక్కొన్నవాడు ఆ బండి ఇంజనును నడపెడి సాఫ్ట్‌వేరునకు వేసిన తాళమును తీయవచ్చునా, తీయరాదా అను వివాదము ఆ దేశములో తలెత్తినప్పుడు, 2015లో దానికి నిర్ణయము చెప్పినది రవాణాశాఖ మంత్రి కాడు, పోలీసు అధికారి కాడు. ఆ గ్రంథాలయాధిపతి పదవిలో నున్నవారు. ఏలయనగా, చట్టము దృష్టిలో సాఫ్ట్‌వేరు కూడ ఒక రచన. గ్రంథకర్త హక్కును గూర్చిన చట్టము దానికిని వర్తించును. ఆ దేశములో ఆ హక్కుల కార్యాలయము కాంగ్రెసు గ్రంథాలయములోనిదే. కావున ఇంజనులోనిది కూడ ఒక పుస్తకమే. ఆ పుస్తకమును ఎవరు తెరవవచ్చును, ఎవరు దిద్దవచ్చును, దిద్దినదానికి ఎవరికి జవాబు చెప్పవలెను అనునదే ఈనాటి నా విషయము. ఇది గ్రంథాలయ సభకు తగదందురా?

ముందుగా ఆ పుస్తకము ఎట్టిదో తెలిసికొందము. పూర్వపు ఇంజనుకు ఎంత ఇంధనము పోవలెనో కార్బురేటరులోని సన్నని రంధ్రములును, డీజిలు పంపులోని స్ప్రింగులును, మరలును నిర్ణయించెడివి. మేస్త్రీ చెవి యొగ్గి చప్పుడు విని, మరను అర చుట్టు త్రిప్పి సరిచేసెడివాడు. ఇప్పుడు ఆ పని చేయునది చిన్న లోహపు పెట్టె. దానిని ఈసీయూ అందురు. ఇంజను లోనికి వచ్చు గాలి యెంత, క్రాంక్‌షాఫ్టు ఎంత వేగముతో తిరుగుచున్నది, నీటి వేడి యెంత, డ్రైవరు యాక్సిలరేటరును ఎంత నొక్కినాడు, బయటికి పోవు వాయువులో మిగిలిన ప్రాణవాయువు ఎంత – ఈ సమాచారమును సెన్సరులు క్షణక్షణము ఆ పెట్టెకు చేరవేయుచుండును. పెట్టెలో పట్టికలున్నవి. అడ్డు వరుసలో ఇంజను వేగము, నిలువు వరుసలో దానిపై పడిన భారము; రెండును కలిసిన గడిలో ఒక అంకె. ఆ అంకె చెప్పినంత కాలమే ఇంధనము చిమ్మబడును. మన అడంగలు, ఆవర్జాలు ఎట్టివో ఇదియు అట్టిదే. గడులు, అంకెలు తప్ప వేరేమియు లేవు. అయితే నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్న నాలుగు సిలిండర్ల ఇంజనులో సెకనుకు నూరుమారులు ఇంధనము మండవలెను. నూరుమారులును ఆ పెట్టె పట్టిక చూచి పద్దు వ్రాయవలెను. నా వంటి లెక్కల మనిషి దాని ముందు కలము క్రింద పెట్టి నమస్కరింపవలసినదే.

ఇంత సూక్ష్మమైన లెక్క ఎందుకనగా, పొగ కొరకు. పెట్రోలు ఇంజనులో ఒక పాలు ఇంధనమునకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి చేరినప్పుడే విషవాయువులను శుద్ధిచేసెడి ఉత్ప్రేరక యంత్రము చక్కగా పనిచేయును. డీజిలు బండిలోనైతే మసిని పట్టుటకు ఒక జల్లెడ, నైట్రొజన్ ఆక్సైడులను విరుచుటకు యూరియా ద్రావణము అమర్చుదురు. మనము పొలములో చల్లు యూరియా వంటిదే. శుద్ధిచేసి, నూటికి 32.5 పాళ్లుగా నీటిలో కలిపి పొగగొట్టములో చిమ్ముదురు. ఎప్పుడు, ఎంత చిమ్మవలెనో చెప్పునది కూడ ఆ పట్టికయే.

పట్టికలోని అంకెలను మార్చినచో ఇంజను స్వభావము మారును. ఒక తీగతో లాప్‌టాపును తగిలించి, ఉన్న అంకెలు తీసి వేరు అంకెలు వ్రాయుదురు. దీనిని రీమ్యాపింగు అనియు, ట్యూనింగు అనియు పిలుచుచున్నారు. ఇనుము మారదు, గొట్టము మారదు. అయినను బండి బలము మారును. టర్బో గల ఇంజనులో గాలి ఒత్తిడిని, ఇంధనమును పెంచినచో బలము బాగుగా పెరుగును. తయారీదారుడు ఆ బలమును ముందే ఏల ఇయ్యలేదని అడుగుదురు. ఎండలకు, చలికి, కల్తీ ఇంధనమునకు, ఓపికలేని డ్రైవరుకు, చట్టము చెప్పిన పొగ పరిమితికి – అన్నిటికిని సరిపోవునట్లు అతడు కొంత వెనుకకు నిలిపి ఉంచును. కొన్ని సందర్భములలో ఒకే ఇంజనును రెండు బలములతో రెండు ధరలకు అమ్ముటయు కలదు.

పుస్తకము తెరవగోరువారు మూడు విధములు. మొదటివాడు మరమ్మతు కొరకు తెరచును. సెన్సరు చెడి బండి ఆగినది, కొత్తది వేసినాడు, పెట్టె దానిని అంగీకరించుట లేదు, కంపెనీ మనిషి తన లాప్‌టాపుతో వచ్చినగాని కదలదు. రెండవవాడు మార్పు కొరకు తెరచును. అతనికి కొండదారిలో బలము కావలెను, లేదా పందెపు మైదానములో వేగము కావలెను. మూడవవాడు తొలగింపు కొరకు తెరచును. మసి జల్లెడను శుభ్రము చేయుట ఖర్చని దానిని కోసివేసి, అది యున్నట్లే పెట్టెకు అబద్ధము చెప్పించును. ఈ ముగ్గురును ఒకే తాళమును తీయుచున్నారు. కాని ముగ్గురి పనియు ఒకటి కాదు. ఈ భేదమును మరచినవారే ఈ వివాదములో రెండు వైపుల నుండియు ఎక్కువగా అరచుచున్నారు.

ఇక వివాదపు కథకు వచ్చెదను. 1998లో అమెరికాలో డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టము వచ్చినది. రచనకు వేసిన సాంకేతికమైన తాళమును పగులగొట్టుట ఆ చట్టము ప్రకారము నేరము. సినిమాలను, పాటలను దొంగిలించు వారి కొరకు చేసిన చట్టము అది. కాని తాళము వేసిన సాఫ్ట్‌వేరు కారులోను, ట్రాక్టరులోను చేరగానే, రైతు తన ట్రాక్టరు పెట్టెను తెరచుట కూడ ఆ వలలో పడినది. ఆ చట్టములోనే ఒక కిటికీ కలదు. మూడేండ్లకొకసారి విచారణ జరిపి, న్యాయమైన పనులకు మినహాయింపు నిచ్చు అధికారము గ్రంథాలయాధిపతికి ఉన్నది.

2015 విచారణలో వాహన యజమానుల పక్షమువారు మినహాయింపు కోరినారు. పెద్ద కార్ల కంపెనీలును, ట్రాక్టర్ల కంపెనీలును ఎదిరించినవి. జాన్ డీర్ అను ట్రాక్టర్ల సంస్థ తన వాదనలో, ట్రాక్టరును కొన్నవానికి సాఫ్ట్‌వేరు విషయములో ఉన్నది బండి బ్రతికినంతకాలము దానిని నడుపుకొనుటకు గల అనుమతి మాత్రమే అను భావము వచ్చునట్లు వ్రాసినది. చూచితిరా! పొలము మనది, ట్రాక్టరు మనది, అప్పు మనది. దాని బుద్ధి మాత్రము వారిది. కోత వేళ ఆకాశము మబ్బు పట్టి, యంత్రము చేలో ఆగి, దానిని సరిచేయగల మేస్త్రీ పక్కనే యున్నను చట్టము అతని చేయి పట్టుకొనినచో ఆ రైతు గతి యేమి?

అటువైపు వాదము కూడ తేలికయైనది కాదు. ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015 జూలైలో ఒక లేఖ వ్రాసి, ఈ మినహాయింపును ఇయ్యవద్దని కోరినది. తాళము తీయనిచ్చినచో జనులు బలము కొరకు పొగ పరిమితులను తుడిచివేయుదురని దాని భయము. ఆ భయము వట్టిది కాదని తరువాత చూపెదను.

అక్టోబరులో నిర్ణయము వెలువడినది. కారు, సరకుల లారీ, వ్యవసాయ యంత్రము – వీని సాఫ్ట్‌వేరును లోపము కనుగొనుటకు, మరమ్మతునకు, చట్టసమ్మతమైన మార్పునకు యజమాని తెరవవచ్చును. కాని రవాణాశాఖ నియమములను గాని, పర్యావరణ నియమములను గాని అతిక్రమించు మార్పునకు ఈ రక్షణ లేదు. ఆయా శాఖలు సిద్ధపడుటకు ఒక సంవత్సరము గడువిచ్చి 2016 అక్టోబరు నుండి దీనిని అమలులో పెట్టినారు. యజమాని తానై చేయలేనప్పుడు ఇతరుని సాయము పొందుటకు కూడ 2018లో త్రోవ తెరచినారు. 2021లోను, 2024లోను మరల కొనసాగించినారు. ఈ నిర్ణయములోని వివేకమును గమనింపుడు. పుస్తకము తెరచుట ఒక పని, దానిలో తప్పు వ్రాయుట మరియొక పని అని అది విడదీసినది. చదువుటను నేరము చేయలేదు. విషము చిమ్ముటను హక్కు చేయలేదు.

ఈ సందర్భమున నాకు ఆరణ్యపర్వములోని నలోపాఖ్యానము తోచుచున్నది. బాహుకుడను పేరుతో నలుడు ఋతుపర్ణ మహారాజు రథమును విదర్భకు తోలుచున్నాడు. దారిలో ఒక విభీతక వృక్షమును చూచి, దాని ఆకులెన్నో, కాయలెన్నో రాజు అంకెలతో చెప్పినాడు. ప్రభువు మాట గదా అని నలుడు నమ్మి ఊరకుండలేదు. ప్రొద్దు పోవుచున్నదని రాజు తొందరపడినను రథము నిలిపి, చెట్టు కొట్టి, ఎంచి చూచి, లెక్క సరిపోయిన పిమ్మటనే ఆశ్చర్యపడినాడు. అప్పుడే రాజు నుండి అక్షహృదయమను సంఖ్యావిద్యను గ్రహించినాడు. దానికి మారుగా తన అశ్వహృదయమను విద్యను రాజునకు ఇచ్చినాడు. గుఱ్ఱముల మర్మమును, అంకెల మర్మమును ఒక్క రథముపై కలిసిన ఘట్టమది. ఈనాటి ఇంజను పెట్టె కూడ అట్టిదే. అశ్వహృదయమును అంకెలలో వ్రాసిన పుస్తకము. కాని నలుడు నేర్పిన పాఠము వేరొకటి కలదు. మరల ఎంచుటకు వీలున్నదే లెక్క. ఎంచనీయనిది లెక్క కాదు, అది ఆజ్ఞ.

ఋతుపర్ణుని లెక్క సరిపోయినది. అందరు రాజుల లెక్కలును సరిపోవు. పర్యావరణ సంస్థ యజమానులను గూర్చి భయపడుచు లేఖ వ్రాసిన రెండు మాసములకే, 2015 సెప్టెంబరు 18వ తేదీన, అదే సంస్థ ఫోక్స్‌వాగన్ అను జర్మను కార్ల కంపెనీకి నోటీసు ఇయ్యవలసి వచ్చినది. ఆ కంపెనీ డీజిలు కార్ల సాఫ్ట్‌వేరులో ఒక మాయ యున్నది. స్టీరింగు స్థితిని, వేగమును, ఇంజను నడచిన కాలమును, గాలి పీడనమును బట్టి ఇది తనిఖీయా, రోడ్డా అని పెట్టె గుర్తుపట్టెడిది. తనిఖీలో పొగను అదుపులో పెట్టెడిది. రోడ్డు మీద నైట్రొజన్ ఆక్సైడులను పరిమితికి 40 రెట్ల వరకు వదలెడిది. ఏ ఎండకా గొడుగు! అధికారికి ఒక చిట్టా, ఇంటికి ఒక చిట్టా వ్రాయు షాపుకారును మనము ఎరుగుదుము. ఆ విద్యను ఇంజనుకు నేర్పినారు. మొదటి నోటీసులో 4 లక్షల 82 వేల అమెరికా కార్లు. ప్రపంచమంతట సుమారు 1 కోటి 10 లక్షలు. మన దేశములో కూడ 2015 డిసెంబరులో ఆ సంస్థ సుమారు 3 లక్షల 23 వేల కార్లను సరిచేయుటకు వెనుకకు పిలిచెదనని ప్రకటించినది. భారతదేశపు నియమములను తాను ఉల్లంఘింపలేదని వాదించినది. అమెరికాలో మాత్రము 2017లో నేరమును ఒప్పుకొని 280 కోట్ల డాలర్ల నేరపు జరిమానాకు తల యొగ్గినది.

కంచెయే చేను మేసినది. తాళము దొంగలను ఆపుటకని చెప్పినారు. తాళము వెనుక దాగినది దొంగలెక్కయే. ఆ మోసమును బయటపెట్టుటకు మొదటి త్రోవ చూపినది, పెట్టె తెరవకుండ పొగగొట్టమునకు కొలతయంత్రము కట్టి రోడ్డుపై బండిని నడపిన పడమటి వర్జీనియా విశ్వవిద్యాలయమువారి 2014 నాటి పరీక్ష. పిదప 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖ, జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు కలిసి, ఎనిమిదేండ్ల కాలమునకు చెందిన 900కు పైగా సాఫ్ట్‌వేరు ప్రతులను పరిశీలించి, ఆ మాయ పుస్తకములో ఏయే పుటలలో ఎట్లు వ్రాయబడినదో విప్పి చూపినారు. ఇంజను మార్పుల ఆసక్తిపరుల మధ్య తిరుగుచుండెడి సాంకేతిక పత్రములు వారికి ఆ పనిలో అక్కరకు వచ్చినవి. పుస్తకమును ఎవ్వరును తెరవకున్నచో ఆ పుటలు ఈనాటికిని చీకటిలోనే యుండెడివి.

అయితే ఇంతటితో యజమానులందరును ధర్మరాజులని తీర్మానింపరాదు. మూడవ విధమైనవానిని మరచినామా? 2020 నవంబరులో ఆ పర్యావరణ సంస్థయే ఒక నివేదిక ప్రకటించినది. అంతకు ముందు సుమారు పదేండ్లలో అమెరికాలో 5 లక్షల 50 వేలకు మించిన డీజిలు పికప్ బండ్ల పొగ నియంత్రణలను తొలగించినారని అందులో తేలినది. వాని వలన వాని జీవితకాలములో గాలిలో అధికముగా చేరు నైట్రొజన్ ఆక్సైడులు 5 లక్షల 70 వేల టన్నులు. అనగా 90 లక్షలకు పైగా కొత్త బండ్లను అదనముగా రోడ్డు మీదికి తెచ్చినట్లు. వీరెవ్వరును పెద్ద కంపెనీలు కారు. ఒక్కొక్కడు తన ఒక్క బండిని మార్చుకొన్నవాడు. తన ఒక్క బండితో ఏమగునని తలచినవాడు. తిలాపాపము తలా పిడికెడు అని మన పెద్దలు ఊరక అనలేదు. కాని ఇచట పిడికెడు పాపము పంచుకొన్నవాడు బండి యజమాని, దానిని పీల్చువాడు బడికి నడచిపోవు పిల్లవాడు. ఆ వాయువులు ఊపిరితిత్తులను రేపును. ఎండలో ఓజోనుగా, సన్నని ధూళిగా మారును. ఉబ్బసము గలవారు మొదట బాధపడుదురు. వారిలో బండి కొన్నవారెందరు?

కావున నా అభిప్రాయము ఇది. ఇంజను యజమానిది, పొగ ఊరిది. ఇంజనును గూర్చి అతనికి సంపూర్ణమైన హక్కు ఉండవలెను: తెరచుటకు, చదువుటకు, బాగుచేయుటకు, తనకు నమ్మకమైన మేస్త్రీ చేత చేయించుటకు. పొగను గూర్చి అతడు ఊరికి లెక్క చెప్పవలెను. తయారీదారుడు కూడ అదే కొలతతో, అదే తనిఖీతో లెక్క చెప్పవలెను. ఒకరికి తాళము, మరొకరికి సంకెల కాక, ఇద్దరికిని ఒకే ఆడిట్ కావలెను. ఆడిట్ అను మాట వినగానే ఊళ్లో కొందరికి ముఖము చిన్నబోవును గాని, నిజమైన లెక్క వ్రాసినవానికి ఆడిటరు చుట్టమే.

ఇది జరుగునా యని సందేహింపవలదు. జరుగుచున్న చోట్లు కలవు. జర్మనీ నియమము ప్రకారము మార్పు వలన ఇతరులకు ప్రమాదము కలుగునట్లున్నను, పొగ గాని చప్పుడు గాని అధికమైనను, బండికిచ్చిన అనుమతి రద్దగును. మార్పు చేసినవాడు దానిని అర్హులైన పరీక్షకులకు చూపి, బండి పత్రములలో వ్రాయించుకొనవలెను. మార్చుకొనుము, కాని మార్చినది దాచకుము అని దాని సారాంశము.

కాలిఫోర్నియా రాష్ట్రపు పద్ధతి నా వృత్తికి మరింత దగ్గరిది. అక్కడ మార్పు సామగ్రి అమ్మువాడు అది పొగను పెంచదని వాయువనరుల మండలికి రుజువు చేసి అనుమతి సంఖ్య పొందవలెను. 2021 జూలై 19 నుండి పొగ తనిఖీలో ఇంజను సాఫ్ట్‌వేరును కూడ చూచుచున్నారు. పెట్టెలోని అంకెలన్నిటిని ఒక విధిగా కలిపి తేల్చిన ఒక సరిచూపు సంఖ్య యుండును. పుట అడుగున మనము వేయు మొత్తము వంటిది. నడుమ ఒక్క అంకె మారినను మొత్తము మారును. ఆ సంఖ్య తయారీదారుడిచ్చిన దానితోనో, మండలి అనుమతించిన దానితోనో సరిపోవలెను. లేకున్న బండి తప్పును. ఇందులో బండివానిని దొంగగా చూచుట లేదు. మార్పు వద్దనుట లేదు. పరీక్షకు నిలిచిన మార్పును లోనికి రానిచ్చి, దాగిన మార్పును బయట నిలుపుచున్నది. నేను ముప్పది యేండ్లుగా పుటల అడుగున మొత్తములు వేయుచున్నాను. ఆ మొత్తములో ఊరి గాలి దాగియుండగలదని కాలిఫోర్నియావారి వలన తెలిసినది.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రము 2023లో మరియొక అడుగు వేసినది. వ్యవసాయ యంత్రములు చేయు కంపెనీలు మరమ్మతునకు కావలసిన పరికరములను, సాఫ్ట్‌వేరును, వివరములను రైతులకును, బయటి మేస్త్రీలకును అందుబాటులో నుంచవలెనని చట్టము చేసినది. అది 2024 జనవరి నుండి అమలులో నున్నది. పొగ నియంత్రణలను, భద్రతా సాధనములను తొలగించుటకు మాత్రము ఆ చట్టము అనుమతి నీయలేదు. పైన నేను చెప్పిన గీతయే అక్కడను గీయబడినది.

ఇక మన దేశము సంగతి. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారుడు మొదట నిర్దేశించిన వివరములకు రిజిస్ట్రేషను పత్రములోని వివరములు భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీము కోర్టు ఈ నిషేధమును గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరపు సవరణ చట్టము, అనుమతి లేని మార్పునకు ఆరు మాసముల వరకు చెరయో, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, రెండునో విధించినది. 2020 ఏప్రిలు 1 నుండి భారత్ స్టేజ్ 6 అను కఠినమైన పొగ ప్రమాణము వచ్చినది. కాగితము మీద కంచె ఎత్తుగానే యున్నది. కాని రోడ్డు ప్రక్కన జరుగు పొగ తనిఖీలో డీజిలు బండికి చూచునది పొగ నల్లదనమును మాత్రమే. నైట్రొజన్ ఆక్సైడులు కంటికి కనబడవు. ఆ తనిఖీ వానిని కొలువదు. పెట్టెలోని అంకెల మొత్తమును ఆ తనిఖీలో ఎవ్వరును సరిచూడరు. చట్టము చాల నిషేధించి కొంచెము కొలుచుచున్నది. కొంచెము నిషేధించి బాగుగా కొలుచుట మేలని నా విన్నపము. నిషేధము ఎక్కువై కొలత తక్కువైన చోట, నిజాయితీపరుడు భయపడి ఊరకుండును, మాయగాడు నిర్భయముగా తిరుగును.

మన ఊరిలోను ట్రాక్టర్లు, కార్లు, సరకుల బండ్లు పెరిగినవి. పట్టణములోని షెడ్డులో అంకెలు మార్పించుకొని వచ్చి మైలేజీ పెరిగినదని సంతోషించు యువకులును కలరు. వారిని నేను నిందింపను. యంత్రమును తెలిసికొనవలెనను కోరిక మంచిది. కాని లాప్‌టాపు తగిలించు ముందు మూడు ప్రశ్నలు అడుగుడని కోరుచున్నాను. మొదటిది: పాత పట్టికను నకలు తీసి నా చేతికిచ్చెదవా? ఇయ్యనివాడు పాత చిట్టా చింపి కొత్తది వ్రాయువాని వంటివాడు. రెండవది: ఏయే గడిలో ఏ అంకె మార్చితివో వ్రాసి ఇచ్చెదవా? మూడవది: మసి జల్లెడ గాని, యూరియా పద్ధతి గాని, పొగను త్రిప్పిపంపు కవాటము గాని నిలిచిపోవునా? ఈ మూడవదానికి ఔనని జవాబు వచ్చినచో లేచి వచ్చివేయుడు. ఎంత మైలేజీ వచ్చినను అది మీ జమ కాదు. పొరుగువాని పేర వ్రాసిన ఖర్చు. మార్పు ఏదైనను చట్టపు అనుమతి లేనిది చేయించవద్దని, కంపెనీ హామీ పోవుననియు, ప్రమాదము జరిగిన నాడు బీమావారు ప్రశ్నింతురనియు వేరుగ చెప్పనక్కరలేదు.

కార్యవర్గమువారికి కూడ ఒక మనవి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు పునాది వేసినవారు, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దలు, ఊరూర పుస్తకమును తెరచియుంచవలెనని శ్రమించినారు. వారి నాటి మూసిన పుస్తకము చెక్కపెట్టెలో నుండెడిది. మన నాటి మూసిన పుస్తకము ఇనుపపెట్టెలో నున్నది. మన అలమారలో ట్రాక్టరు మరమ్మతు పుస్తకములు, మోటారు చట్టపు తెలుగు ప్రతి, ఇంజను విద్యను గూర్చిన నాలుగు మంచి గ్రంథములు చేర్చినచో, షెడ్డుకు పోవు యువకుడు ముందుగా ఇటు వచ్చును. మన మేస్త్రీలను నెలకొక సాయంకాలము పిలిచి మాట్లాడించినచో, చదివినవాని అంకెయు, చేసినవాని చేయియు కలియును. ఋతుపర్ణుడును బాహుకుడును ఒకే రథముపై కూర్చున్నప్పుడు గదా ఇద్దరికిని కొత్త విద్య వచ్చినది!

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయములో ఒక నియమము నడచుచున్నది. పుస్తకమును ఎవరైనను తీసికొనవచ్చును; ఏ పుటయు చింపరాదు; తీసికొన్నది పద్దులో వ్రాయవలెను. నేటి యంత్రముల విషయములో ప్రభుత్వములు వెదకుచున్న నియమము కూడ ఇంతకంటె పెద్దదేమియు కాదని నా నమ్మకము.